ఆసు కనబడింది కానీ అర్థం కాలేదు: ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి వీడియో, పాడ్‌కాస్ట్ ప్రాజెక్టుల కేస్ స్టడీ

మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల పోచంపల్లి చుట్టుపక్కల చేనేత ఊళ్లలో ఒకదాంట్లో ఉంది. నేను సాంఘిక శాస్త్రం చెబుతాను. ఏడాదికి నాలుగు ఎఫ్ఏలు (ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు, అంటే ఏడాది మధ్యలో జరిగే చిన్న మూల్యాంకనాలు), ఒక్కోటి 20 మార్కులు, అందులో ప్రాజెక్టు పనికి 5. ఆ ఐదు మార్కుల కోసం పిల్లలు చార్టు మీద బొమ్మలు అతికించి, చుట్టూ స్కెచ్ పెన్నుతో అంచు గీసి తేవడం టీచర్లందరికీ తెలిసిందే. ఆ చార్టులు స్టాఫ్ రూము బీరువా మీద ఏడాదంతా దుమ్ము పట్టి, వేసవి సెలవులకు ముందు చిత్తుకాగితాలవాడికి పోతాయి.

దాని బదులు ఒక ఎఫ్ఏకు వీడియో, ఆ తర్వాతి ఎఫ్ఏకు పాడ్‌కాస్ట్ చేయించాను. రెండింటికీ ఒకే అంశం ఉండాలన్నది షరతు. మీ ఇంట్లోనో మీ వీధిలోనో జరిగే పని ఏదైనా తీసుకోవచ్చు. వీటితోపాటు ప్రతి ఒక్కరూ విడిగా ఒక నోటుబుక్కు రాయాలి. ఏం తీశాం, ఏం తీసేశాం, ఎందుకు తీసేశాం అన్నవి అందులో ఉండాలి. బాగా రాయమని చెప్పలేదు, ఆ రోజు పని ఆ రోజే రాయమన్నాను.

ఇక్కడ రాస్తున్నది అందులో ఒక అమ్మాయి సంగతి. తను తీసుకున్నది ఆసు, అంటే చీర నేసేముందు నూలును పోగులుగా పరిచే పని. వాళ్లింట్లో నాయనమ్మ, అమ్మ, నాన్న ముగ్గురూ మగ్గం పనివాళ్లే. పేరు, ఊరు రాయడం లేదు. ఈ రాత అమ్మాయి చదివింది, ఇంట్లోవాళ్లకు చదివి వినిపించింది, వాళ్లు సరేనన్నారు.

నాకు తేలిన విషయం ముందే చెప్పేస్తాను. వీడియో తీసినప్పుడు ఆ అమ్మాయికి తెలియని సంగతులు తెలియకుండానే దాటిపోయాయి, ఎవరూ పట్టుకోలేదు. అదే అంశం మీద గొంతుతో మాత్రమే చెప్పాల్సి వచ్చేసరికి అవన్నీ బయటపడ్డాయి. పిల్లల మీడియా ప్రాజెక్టులంటే కెమెరా, ఎడిటింగ్ యాప్ నేర్పించడమే అనుకునే టీచర్ల కోసం ఈ వివరాలు.

వీడియో

జట్టులో ఐదుగురు. ఫోన్ ఎవరిదైతే వాళ్లే కెమెరామన్, అది మొదటి రోజే తేలిపోయింది. ఇద్దరు అబ్బాయిలు డైరెక్టర్ పదవి కోసం కొట్లాడుకున్నారు. ఎడిటింగ్ మాత్రం ఎవరికీ వద్దు, ఎందుకంటే అది ఇంటికెళ్లి ఒంటరిగా చేసుకోవాల్సిన పని. అది ఈ అమ్మాయి మీద పడింది. వాళ్లన్న ఫోన్ రాత్రి అన్నాలయ్యాక దొరుకుతుంది, అదీ స్టోరేజీ నిండిపోయిన ఫోన్.

అంశం ఆసు. ఇకత్ చీరకు పేక నూలు (అడ్డంగా నేసే నూలు) మీద డిజైను గుర్తులు పెట్టి, చిటికి కట్టి (రంగు అంటకూడని చోట బిగించి కట్టి), రంగులో ముంచడానికి ముందు ఆ నూలును ఒక పద్ధతిలో పోగులుగా పరచాలి. దాన్నే ఆసు పోయడం అంటారు. అర్ధచంద్రాకారంలో వరుసగా పుల్లలు, వాటికెదురుగా ఒక పుల్ల. ఆ ఒక్కదాని నుంచి ఈ వరుసలోని పుల్లకు, మళ్లీ వెనక్కి, దారాన్ని చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక చీరకు చెయ్యి అలా సుమారు 9,000 సార్లు తిరగాలని లెక్క. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక 1999లో ఈ పనికి యంత్రం తయారుచేసి, ఆమె పేరుతోనే లక్ష్మీ ఆసు యంత్రం అని పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. ఈ అమ్మాయి ఇంట్లోనూ యంత్రమే ఉంది. చేత్తో పోసే ఆసు చట్రం అటక మీద ఉంది.

వీడియో కోసం ఆ చట్రం కిందికి దించారు. దుమ్ము తుడిచి, నాయనమ్మను కొత్త చీర కట్టుకోమని బతిమాలి కూర్చోబెట్టారు. ఆమె దారం పట్టుకోగానే చెయ్యి దానంతటదే తిరగడం మొదలైంది. ముఖం ఒకసారి, చెయ్యి ఒకసారి, పుల్లలు ఒకసారి తీశారు. కెమెరా అబ్బాయి ఇంకో టేకు కావాలన్నాడు. ఆ రాత్రి అమ్మాయి నోటుబుక్కులో రాసుకున్నది ఇది:

"మా నాయినమ్మ భుజం పట్టుకొని ఒత్తుకుంటుంది. వాడు ఇంకోసారి అన్నడు. నేను అద్దు అన్న. మస్తు షాట్ పోయిందని వాడు అలిగిండు. ఇప్పుడు చేస్తలేని పనిని చేస్తున్నట్టు చూపిస్తే అది అబద్ధం అయితదా మేడం?"

చివరి ప్రశ్న నన్ను అడిగినది. నా జవాబు చిన్నదే. మళ్లీ చేసి చూపించడం తప్పు కాదు, కానీ ఆ సంగతి చూసేవాళ్లకు తెలియాలి. "ఇది ఇప్పుడు మా కోసం చేసి చూపించింది" అని తెర మీద ఒక ముక్క వేయమన్నాను. ఆ అమ్మాయి వేసింది. అలా వేస్తే మజా పోతుందని జట్టులో మిగతావాళ్ల వాదన. డాక్యుమెంటరీలు తీసే పెద్దవాళ్ల మధ్య కూడా తెగని పంచాయితీ ఇది, తొమ్మిదో తరగతిలో తెగకపోతే తప్పేముంది.

నాలుగు నిమిషాల వీడియో తయారైంది. చూడ్డానికి బాగుంది. పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. అక్కడి చీరల మీద, మగ్గాల మీద యూట్యూబ్‌లో వీడియోలకు కొదవ లేదు. పిల్లలు వాటిని చూసి పెరిగినవాళ్లు. రంగు నూలు చిలపలు దగ్గర్నుంచి, పేక దారం మోసే నాడె అటూ ఇటూ పరుగు, చివర్లో చీర గాలికి విప్పడం, కింద సినిమా పాట. అదే వరుసలో తీశారు. పాట మనది కాదు, తీసేయమన్నాను. పాట తీసేస్తే వీడియోలో వినడానికి ఏమీ మిగల్లేదు. ఒక్క మాట లేదు, ఒక్క ప్రశ్న లేదు. ఆసు పోయడం నలభై సెకన్లు కనబడుతుంది, కానీ అది ఎందుకు చేస్తారో, చేయకపోతే ఏమవుతుందో ఎక్కడా లేదు. క్లాసులో చూపించినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. "ఆ పుల్లలు గుండ్రంగ ఎందుకున్నయి?" అని చేనేత ఇల్లు కాని ఒక పిల్లవాడు అడిగాడు. జట్టులో ఐదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందులో ముగ్గురు మగ్గం ఉన్న ఇళ్ల పిల్లలే.

పాడ్‌కాస్ట్

పాడ్‌కాస్ట్ అనగానే పిల్లలకు టీవీ యాంకర్ గొంతు వచ్చేస్తుంది. "శ్రోతలందరికీ సుస్వాగతం" అని మొదలుపెట్టి, ఊపిరి తీసుకోకుండా పాఠం చదివేస్తారు. అందుకని ముందు రెండు సంగతులు చెప్పాను. ఒకటి, పిల్లల గొంతుతో రేడియో కార్యక్రమం నడపడం తెలుగులో కొత్తేమీ కాదు. రేడియో అన్నయ్యగా పేరుపడ్డ న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి బాలానందం కార్యక్రమంలో పిల్లల చేతే పాడించి, ఆడించి, మాట్లాడించారు. రెండోది సంగం రేడియో. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 నుంచి ఊరి ఆడవాళ్లే నడుపుతున్న కమ్యూనిటీ రేడియో అది. వాళ్లు మాట్లాడేది వాళ్ల ఇంటి భాషే. రేడియోలో మాట్లాడాలంటే గొంతు మార్చుకోనక్కరలేదని పిల్లలకు చెప్పడానికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

రికార్డింగు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మా ఊళ్లో నిశ్శబ్దమైన ఇల్లు దొరకడం కష్టం. మగ్గం చప్పుడు, పక్కింటి మగ్గం చప్పుడు, ఆసు యంత్రం గిర్రున తిరిగే మోత, ఫ్యాను, ఆపైన కుక్కర్ విజిల్. ఫోను మైకు వీటిలో ఏదీ వదలదు. మన చెవి ఎదుటి మనిషి మాట మీదే దృష్టి పెట్టి మిగతావి పక్కకు నెడుతుంది, మైకుకు ఆ వివక్ష లేదు. మొదటి రికార్డింగు మగ్గం పక్కనే చేశారు, "సహజంగా ఉంటది" అని. వింటే నాయనమ్మ మాట మూడో వంతు కూడా అందలేదు.

తర్వాత వాళ్లే ఒక దారి కనిపెట్టారు. ఇంట్లో నూలు మూటలు, నేసిన బట్ట పేర్చిపెట్టే చిన్న గది ఉంది. ఖాళీ గదిలో గోడలకు తగిలి మాట తిరిగి వస్తుంది, బట్ట ఉన్న గదిలో రాదు. పట్నంలో స్టూడియోవాళ్లు గోడలకు ఫోమ్ అంటించుకునేది ఇందుకే. మధ్యాహ్నం భోజనాల వేళ మగ్గాలు ఆగుతాయి. అప్పుడు ఫ్యాను కట్టేసి, ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, నాయనమ్మ నోటికి జానెడు దూరంలో కొంచెం పక్కగా పట్టుకున్నారు. సూటిగా ఎదురుగా పెడితే ప, బ, భ అన్నప్పుడల్లా గాలి కొట్టి బుస్సుమంటుంది. మాటలు మొదలుపెట్టేముందు అర నిమిషం ఎవరూ మాట్లాడకుండా గది చప్పుడు రికార్డు చేయమన్నాను. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మోత తగ్గించడానికి ఆ ముక్కే నమూనా. కత్తిరింపుల మధ్య అతుకు తెలియకుండా పూడ్చడానికీ అదే పనికొస్తుంది. మగ్గం చప్పుడు వద్దని కాదు. దాన్ని విడిగా దగ్గర్నుంచి రికార్డు చేసి, మాట ఆగిన చోట వేసుకున్నారు. ఆ ఫైళ్లను వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపుకోవద్దని, డాక్యుమెంటుగానే పంపుకోమని ఎన్నిసార్లు చెప్పినా ఒకరిద్దరు వినరు. అలా పంపితే వాట్సాప్ దాన్ని నొక్కి చిన్నది చేసేస్తుంది, తర్వాత ఎంత శుభ్రం చేసినా గొంతు డబ్బాలోంచి వచ్చినట్టే ఉంటుంది.

ఇక అసలు విషయం. ఆ గదిలో జరిగిన సంభాషణలో ఒక ముక్క:

"నాయినమ్మా, ఆసు పోసుడంటే ఏంది?"

"ఏందే, పుట్టినకాడికెల్లి సూస్తున్నవ్. నీకు తెల్వదా?"

"నాకు తెలుసు. వినేటోళ్లకు చెప్పు."

"ఏముంటదే. ఇగో, గిట్ల పట్టుకోవాలె... గిట్ల తిప్పాలె... మల్ల గిట్ల..."

ఆ తర్వాత రికార్డింగులో గాజుల చప్పుడు తప్ప ఏమీ లేదు. నాయనమ్మ చేత్తో చూపిస్తోంది. వీడియోలో ఇదే నలభై సెకన్లు అందరికీ నచ్చిన ఘట్టం. ఇక్కడ వినేవాడికి గాజులు తప్ప ఏమీ అందదు.

ఆ రాత్రి ఎడిటింగుకు కూర్చున్నాక అమ్మాయికి ఆ ఖాళీని తన మాటలతో పూడ్చాల్సి వచ్చింది. నోటుబుక్కులో ఆ పేజీ అంతా కొట్టివేతలే. "దారం పుల్లలకు చుట్టాలి" అని రాసి కొట్టేసింది. "ఒక పుల్ల నుంచి ఇంకో పుల్లకు తిప్పాలి" అని రాసి కొట్టేసింది. కింద: "నాకు ఆసు తెల్వదు. చూసిన, గంతే. పుల్లలు గుండ్రంగ ఎందుకో ఆ రోజు వాడు అడిగింది నేను మా నాయినమ్మను ఎప్పుడు అడగలే."

మర్నాడు అడిగింది. నాయనమ్మకు ఆ ప్రశ్నే వింతగా ఉంది. "అట్లుంటెనే అన్ని పోగులు ఒక్క తీరు వస్తయి" అంది. ఆ మాటను అమ్మాయి లెక్కల మేడం దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ నల్లబల్ల మీద ఒక చాపం గీసి, కేంద్రం నుంచి గీతలు లాగి చూపించింది. ఎదురుగా ఉన్న ఒక్క పుల్ల కేంద్రం, వరుసలో ఉన్నవి చాపం మీది బిందువులు. కేంద్రం నుంచి చాపం దాకా ఏ దారమైనా ఒకే పొడవు, అవన్నీ వ్యాసార్ధాలే. చీర పన్నాకు, అంటే వెడల్పుకు, సరిపడా పొడవు ప్రతి పోగుకూ సమానంగా వస్తేనే గుర్తులు సరిగ్గా పడతాయి, నేసినప్పుడు డిజైను చెదరదు. పుల్లలు తిన్నగా ఒకే వరుసలో ఉంటే చివర్లవి పొడుగైపోతాయి. వృత్తం పాఠం అప్పటికే అయిపోయిన క్లాసు అది. వ్యాసార్ధం వాళ్లింటి అటక మీద ఉందని ఎవరికీ తట్టలేదు, నాతో సహా.

పాడ్‌కాస్ట్‌లో ఆ భాగం చివరికి ఇలా వచ్చింది: "మీ ముందట ఒక గొడుగు సగం విప్పి పెట్టిండ్రనుకోండి. పిడి కాడికెల్లి ప్రతి పుల్ల కొసకు దారం పోయి రావాలె. ఏ కొసకు పోయినా అంతే దూరం. మా నాయినమ్మ చెయ్యి ఒక్క చీరకు గట్ల 9,000 సార్లు పోయొచ్చింది. ఒకసారికి ఒక మీటరు అనుకున్నా 9 కిలోమీటర్లు. కూసున్న కాడికెల్లి లేవకుంట." లెక్క కూడా ఆ అమ్మాయే వేసింది. మీటరు అన్నది ఉజ్జాయింపేనని "అనుకున్నా" అనే మాట ఉంచింది. అది గమనించి నేను పక్కన టిక్కు పెట్టాను.

రెండోసారి బయటపడింది కూలీ సంగతి. ఈ ప్రశ్న వీడియో అప్పుడు ఎవరికీ రాలేదు. చెయ్యి తిరగడం చూస్తుంటే అందంగా ఉంటుంది, అందంగా ఉన్నదాన్ని ఎవరూ కూలీ అడగరు. మాటల్లో చెప్పుకుంటూ పోతే, ఇన్ని గంటలు, ఇంత దూరం అన్నాక, ఎంత ఇచ్చేవాళ్లు అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది.

"ఆసు పోసినందుకు నీకెంత ఇచ్చేటోళ్లు?"

"నాకెవరిస్తరు బిడ్డా? వార్పుకు గింత అని మీ తాతకు ఇచ్చేటోళ్లు. ఇండ్ల పనికి కూలేంది?"

వార్పు అంటే మగ్గం మీదికి ఎక్కించే నిలువు నూలు. ఈ మాటలను ఉంచాలా వద్దా అని ఇంట్లో పెద్ద చర్చే జరిగిందట. తాతను తక్కువ చేసినట్టుంటుందని వాళ్ల నాన్నకు అనిపించింది. ఉండనియ్యమన్నది నాయనమ్మే. ఉంచారు. సాంఘిక శాస్త్రంలో లెక్కకురాని స్త్రీల శ్రమ గురించి నేను ఏటా చెబుతాను, పిల్లలు ఏటా రాస్తారు, మార్కులూ వేస్తాను. ఈ పాడ్‌కాస్ట్ విన్న రోజు క్లాసులో ఎవరెవరి ఇళ్లలో ఎవరు నూలు కండెలు చుడతారో, దానికి విడిగా లెక్క ఉందో లేదో అడిగితే చేతులు లేస్తూనే ఉన్నాయి. ఆ పీరియడ్‌లో పాఠం ముందుకు సాగలేదు.

గొంతులోనూ దాక్కోవచ్చు

పాడ్‌కాస్ట్ ఒక మంత్రం, వీడియో పనికిరానిది అనుకోవద్దు. ఇంకో జట్టు భూదానం తీసుకుంది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డ సంఘటన మా పిల్లలకు ఊరి కథ లాంటిదే. వాళ్లు పాఠ్యపుస్తకంలోని పేరాలు పంచుకుని, ఒకరి తర్వాత ఒకరు చదివేశారు. శబ్దం శుభ్రంగా ఉంది, ఉచ్చారణ బాగుంది, తేదీలన్నీ ఒప్పు. ఎవరికీ ఏ సందేహమూ రాలేదు. అచ్చయిన పేరా చదువుతుంటే బొమ్మ చూస్తున్నట్టే, ఎక్కడా ఆగక్కరలేదు. ఆ భూముల్లో ఇప్పుడు ఎవరున్నారో పోయి అడగండి అని పంపాను. ఆ జట్టు పని ఇంకా నడుస్తోంది, అదింకో కథ.

తేడా తెచ్చింది మాధ్యమం కాదు, చేతిలో పేరా లేకుండా ఎదుటి మనిషి ముందు కూర్చోవడం. కాకపోతే వీడియోలో ఆ అవసరాన్ని దాటేయడం చాలా తేలిక. అందుకే ఇప్పుడు వరుస మార్చాను. ముందు పాడ్‌కాస్ట్, అది విన్నాక దానికి నిజంగా బొమ్మ కావాల్సిన చోట్లకే వీడియో. ఈ అమ్మాయి తన వీడియోను మళ్లీ కోసింది. కొత్త కూర్పులో చీర గాలికి విప్పే షాట్ లేదు. ఆసు చట్రాన్ని పైనుంచి నిలకడగా తీసిన ఒక పొడుగు షాట్, దాని మీద నాయనమ్మ గొంతు, గొడుగు మాట వచ్చినప్పుడు తెర మీద చాపం గీత. ఇక్కడ ఫోన్ వీడియోల పాత జబ్బు ఒకటి ఎదురైంది. ఫోను ఫ్రేముల వేగాన్ని దానిష్టం వచ్చినట్టు మారుస్తుంది, విడిగా రికార్డు చేసిన మాట పోనుపోను పెదవులతో కలవదు. మొదట్లో ఒక చప్పట, చివర్లో ఒక చప్పట కొట్టిస్తే ఎంత జారిందో తెలిసి సరిచేసుకోవచ్చు. అప్పుడు కొట్టించలేదు కాబట్టి పెదవులు కనబడే షాట్లన్నీ వదిలేసి చేతులే వాడింది. అదే బాగుందని నా అభిప్రాయం.

అనుమతులు, మార్కులు

రెండూ బయట ఎక్కడా పెట్టలేదు. పిల్లలకు యూట్యూబ్‌లో పెట్టాలని తహతహ, వ్యూస్ లెక్క చూసుకోవాలని ఆశ. కానీ 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లందరూ పిల్లలే, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. చట్టం సంగతి అటుంచినా, వాళ్ల నాయనమ్మ మనవరాలి ముందు అన్న మాట అది, ఊరందరి ముందు అన్నది కాదు. బడి కంప్యూటర్లో ఒక ప్రతి, ఇంటికి పెన్‌డ్రైవ్‌లో ఒక ప్రతి. ఇంటర్వ్యూ ఇచ్చిన పెద్దలు చివరి కూర్పు విని సరే అంటేనే క్లాసులో వినిపించాలని నియమం పెట్టాను. సంతకం చేయలేనివాళ్లు సరే అన్న మాటనే రికార్డు చేసుకుంటాం.

ఐదు మార్కుల్లో రెండు నోటుబుక్కుకు, అందులోనూ ముఖ్యంగా తీసేసినవాటి పట్టికకు. రెండు పాడ్‌కాస్ట్‌కు. వీడియోకు ఒక్కటే. బొమ్మ తళుకుకు మార్కు లేదని ముందే చెబితే మంచి ఫోన్ ఉన్న పిల్లల పెత్తనం సగం తగ్గుతుంది. ఎడిటింగు ఒకరి నెత్తిన పడకుండా ప్రతివాళ్లూ కనీసం రెండు నిమిషాలు కోసి చూపించాలన్నది ఇప్పుడు చేర్చిన షరతు.

దీనికి పట్టే సమయం దగ్గరే ఇబ్బంది. యాభై అరవై మంది ఉన్న సెక్షన్‌లో ప్రతి రికార్డింగూ వినడం ఏ టీచర్‌కూ కుదరదు. నేను తీసేసినవాటి పట్టిక ముందు చదువుతాను. అందులో "బాగలేదు, తీసేసినం" అని మాత్రమే ఉంటే ఆ జట్టును పిలిచి, తీసేసిన ముక్కే ముందు వినిపించమంటాను. ఆసు రికార్డింగులో గాజుల చప్పుడు ముక్క కూడా అలా తీసేసినవాటిలోంచే దొరికింది. అమ్మాయి దాన్ని చెత్త అనుకుని పక్కన పడేసింది. ఇప్పుడది పాడ్‌కాస్ట్‌లో మూడో నిమిషంలో ఉంది, వెంటనే "మీకేం కనబడలే కదా, నాక్కూడ చెప్పరాలే" అన్న ఆమె గొంతుతో.